మూసిన కళ్ల మీద గీసిన కళ్లు: హార్లెమ్ పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ కథ

మా ఇంట్లో నాయనమ్మ ఫోటో ఒకే ఒక్కటి ఉంది. చెక్క కుర్చీలో కూర్చుని, మెడలో బంతిపూల దండతో, సూటిగా మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు ఆ చూపంటే నాకు భయం. కాస్త పెద్దయ్యాక అమ్మ అసలు సంగతి చెప్పింది. అది నాయనమ్మ చనిపోయిన రోజు తీసిన ఫోటో. పక్కకి ఒరిగిపోకుండా వెనకనుంచి గుడ్డతో కుర్చీకి కట్టి తీయించారట. తర్వాత టౌన్లో స్టూడియో అతను మూసిన కళ్ల మీద బ్రష్షుతో కళ్లు గీశాడు. బతికున్నన్నాళ్లూ ఆమెను ఫోటో తీసినవాడు లేడు. ఆ రోజు మా పల్లెకి వచ్చిన ఫోటోగ్రాఫర్ ఎర్రటి ఎండలో కూడా మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.

ఈ వారం నేను రాయాలనుకున్నది ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ గురించి. ఆయనది మన దేశం కాదు. కానీ ఆయన తీసిన ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఆ కుర్చీయే గుర్తొస్తుంది.

పేరు జేమ్స్ వాన్ డెర్ జీ. 1886లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లెనాక్స్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. తల్లిదండ్రులు ఒకప్పుడు పెద్దింట్లో పనివాళ్లు. పిల్లవాడికి పియానో, వయొలిన్ వచ్చు. పద్నాలుగేళ్ల ప్రాయంలో కెమెరా చేతికొచ్చింది. ఇంట్లోవాళ్లనీ ఊళ్లోవాళ్లనీ తీస్తూ, కడగడం, ప్రింటు వేయడం అన్నీ తనే నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లకి న్యూయార్క్ చేరాడు. హోటల్లో సర్వర్ పని చేశాడు, లిఫ్ట్ నడిపాడు, బ్యాండుల్లో వాయించాడు. 1915 ప్రాంతంలో పక్కనున్న నెవార్క్‌లో ఒక పెద్ద దుకాణం ఫోటో స్టూడియోలో డార్క్‌రూం పనికి కుదిరాడు. మరో ఏడాది రెండేళ్లకి హార్లెమ్‌లో, 135వ వీధిలో సొంత స్టూడియో పెట్టాడు. దాని పేరు గ్యారంటీ ఫోటో స్టూడియో.

ఇక్కడ మనవాళ్లకి ఒక మాట చెప్పాలి. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ అంబేడ్కర్ చదువుకున్న కొలంబియా యూనివర్సిటీ 116వ వీధిలో ఉంది. హార్లెమ్ దాని పక్కనే. ఆయన చదువు సాగిస్తున్న ఆ రోజుల్లోనే దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లవాళ్లు మూటాముల్లే సర్దుకుని ఉత్తరాదికి వస్తున్నారు. హార్లెమ్ వాళ్ల పేటగా మారుతోంది.

వాళ్లు దేని నుంచి పారిపోయి వచ్చారో తెలిస్తేనే ఈ స్టూడియో విలువ అర్థమవుతుంది. దక్షిణాదిలో తెల్ల మూకలు నల్లవాళ్లను చెట్టుకి ఉరేసి చంపేవి. అక్కడికి ఫోటోగ్రాఫర్లు వచ్చేవారు. శవాన్నీ, చుట్టూ నవ్వుతూ నిలబడ్డ జనాన్నీ ఫోటో తీసి పోస్టుకార్డులుగా అమ్మేవారు. కొన్నవాళ్లు వాటి మీద కబుర్లు రాసి చుట్టాలకి పంపుకునేవారు. కెమెరా అంటే నల్లవాడికి అదీ అనుభవం.

మన దగ్గర మాత్రం? నిజాం రాజ్యంలో రాజా దీన్ దయాళ్ కెమెరా ముందు నవాబులు, దొరలు ఠీవిగా కూర్చున్నారు. మన పూర్వీకుల దగ్గరికి కెమెరా వచ్చింది వేరే పని మీద. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్స్టన్ ఊరూరా తిరిగి మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చేశాడు. అందులో చాలా ఫోటోల కింద కులం పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఎలా నిలబడాలో ఆ మనిషిని ఎవరూ అడగలేదు. ఫోటో అతని ఇంటికీ చేరలేదు.

వాన్ డెర్ జీ స్టూడియోలో లెక్క తిరగబడింది. డబ్బులిచ్చేది ఫోటోలో ఉన్న మనిషే. ఫోటో వెళ్లేది అతని ఇంటి గోడ మీదికే. తెల్లవాళ్ల ఇళ్లలో గిన్నెలు కడిగే ఆడమనిషి, రైల్లో సామాన్లు మోసే మగమనిషి తమకున్న మంచి బట్టలు వేసుకుని వచ్చేవారు. గోడకి రంగులు వేసిన తెర. దాని మీద తోట, కిటికీ, చలిమంట గూడు. ముందు మంచి కుర్చీ, పూలకుండీ. మన ఊళ్లలో తాజ్‌మహల్ తెర ముందు, వైరు లేని టెలిఫోన్ చెవిన పెట్టుకుని దిగిన ఫోటోలు మీకు గుర్తుండే ఉంటాయి. మా అమ్మ పెళ్లి ఫోటోలో పెట్టుకున్న చేతి గడియారం పక్కింటి పిన్నిది.

ఆయన అక్కడితో ఆగలేదు. నెగెటివ్ మీద సన్నటి పనిముట్లతో కూర్చునేవాడు. ముడతలు తుడిచేవాడు, వంకర పళ్లు సరిచేసేవాడు. మెడ బోసిగా ఉంటే హారం గీసేవాడు. 1926 నాటి ఒక పెళ్లి ఫోటో ఉంది. అందులో పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఉంటారు. వాళ్ల పక్కన నీడలా, అవతలి వస్తువులు కనబడేటంత పల్చగా, బొమ్మ పట్టుకున్న చిన్నపిల్ల. వాళ్లకి పుట్టబోయే బిడ్డ అన్నమాట. రెండు నెగెటివ్‌లు కలిపి వేసిన ప్రింటు అది. మీకు రేపు ఉంది అని ఒక జంటకి చూపించాడు. పిల్లల్ని అమ్మకానికి పెట్టిన బానిసత్వం పోయి అప్పటికి అరవై ఏళ్లే.

1924లో మార్కస్ గార్వీ ఉద్యమానికి ఆయనే ఫోటోగ్రాఫర్. ఊరేగింపులు, యూనిఫాంలు, గార్వీ కారులో వెళ్లడం అన్నీ తీశాడు. 1932లో తీసిన ఫోటో మరీ ప్రసిద్ధి. ఒక జంట, ఒంటి మీద రకూన్ బొచ్చు కోట్లు, మెరిసే కాడిలాక్ కారు. అమెరికా ఆకలితో మాడుతున్న ఏడాది అది.

అందరూ అలా బతికారా అని అడుగుతారు. లేదు. ఆ ఫోటోల్లో హార్లెమ్ ఇరుకు గదులు, అద్దె బాకీలు కనబడవు. ఈ విమర్శ నిజమే. కానీ మన పేదరికాన్ని తీసేవాళ్లకి ఎప్పుడూ కొదవలేదు. మనం ఎలా కనబడాలనుకున్నామో తీసినవాళ్లే అరుదు.

పెళ్లిళ్లు తీసిన మనిషే చావులూ తీశాడు. శవపేటికలో పూల మధ్య పడుకున్న పసిబిడ్డలు, ముసలివాళ్లు, సైనికులు. పైన దేవదూతల బొమ్మలు కలిపి ప్రింటు వేసేవాడు. 1927లో తన సొంత కూతురు రేచల్ చనిపోతే ఆమెనీ తీశాడు. ఈ ఫోటోలు 1978లో పుస్తకంగా వచ్చాయి. ముందుమాట రాసింది టోనీ మోరిసన్. అందులోని ఒక అమ్మాయి ఫోటో నుంచే ఆమెకి ‘జాజ్’ నవల ఆలోచన వచ్చింది.

1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత మనవాళ్ల ఫోటోలు పేపర్లలో పడ్డాయి. శవాలుగా పడ్డాయి. అవి సాక్ష్యం, అవసరమే. కానీ ఆ మనుషుల పెళ్లి ఫోటోలు ఎవరు చూశారు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంటింటికీ చౌక కెమెరాలు వచ్చాయి. స్టూడియోకి గిరాకీ పోయింది. వాన్ డెర్ జీ పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తూ, పాత ఫోటోలు బాగుచేస్తూ నెట్టుకొచ్చాడు. 1969లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హార్లెమ్ మీద ప్రదర్శన పెట్టింది. గోడల నిండా ఆయన ఫోటోలే. నల్ల చిత్రకారుల బొమ్మలకి అందులో చోటివ్వలేదని బయట నిరసన కూడా జరిగింది. అదే సంవత్సరం ఎనభై దాటిన ఆ ముసలాయన్నీ, భార్య గేనెల్లానీ ఇంట్లోంచి ఖాళీ చేయించారు. ప్రపంచం గుర్తించిన ఏడాదే నిలువ నీడ పోయింది.

అయినా ఆయన మళ్లీ లేచాడు. తొంభై దాటాక కెమెరా పట్టి మహమ్మద్ అలీని, బాస్కియాని తీశాడు. 1983లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆయన వదిలివెళ్లిన సుమారు 20,000 ప్రింట్లు, 30,000 నెగెటివ్‌ల భాండాగారాన్ని 2021 నుంచి అదే మెట్రోపాలిటన్ మ్యూజియం, హార్లెమ్ స్టూడియో మ్యూజియం కలిసి చూసుకుంటున్నాయి. పనిమనుషుల పెళ్లి ఫోటోలు ఒక జాతి చరిత్రగా భద్రంగా ఉన్నాయి.

ఇవాళ మన పల్లెల్లో మన కుర్రాళ్లే కెమెరాలు పట్టారు. పెళ్లిళ్లు, పుష్పాభిషేకాలు, సమాధుల పండగలు తీస్తున్నారు. తమ్ముళ్లూ, మీ హార్డ్‌డిస్కులు చెరపకండి. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఫోటోలు ఉన్నవాళ్లు ఈ ఆదివారం వాటిని బయటికి తీయండి. చెదలు పట్టకముందే, పేర్లు చెప్పే పెద్దవాళ్లు పోకముందే, ఒక్కో ఫోటో వెనక పెన్సిల్‌తో పేరు, ఊరు, సంవత్సరం రాయండి.

నాయనమ్మ ఫోటో వెనక నేను నిన్న రాశాను. పేరు రాశాను. చేసిన పని రాశాను: కూలి, మంత్రసాని. పుట్టిన సంవత్సరం అమ్మకి కూడా తెలియదు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను.

జై భీమ్.