మణికట్టు మీద ద్రాక్షపండు

మొన్న దసరాకి షామీర్‌పేట నుంచి మేడ్చల్‌లో మా అక్కగారింటికి వెళ్లేసరికి ఇంట్లో పండగ కళ లేదు. మేనకోడలు కుడిచెయ్యి బల్లమీద చాపి, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. మణికట్టు వెనకవైపు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షపండంత గడ్డ. ఎదురుగా మా బావ శబ్దరత్నాకరాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంది బావా, చదువుతవా, కొడతవా?" అన్నాను.

"కొడత. ఒక్క దెబ్బకి పగిలిపోతదంట."

మా అమ్మ అడ్డం వచ్చింది. "కొట్టుడెందుకయ్యా? పొద్దుగాల పాచినోటి ఉమ్మి రాస్తే అదే కరుగుతది."

పిల్ల మాత్రం నా చెవి దగ్గర, "మామా, ఇది క్యాన్సరా?" అని అడిగింది. వారం రోజులుగా దానికి నిద్ర లేదని అప్పుడు తెలిసింది.

బావ చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. ఆ దెబ్బ రుచి నాకు తెలుసు మరి! ఒకప్పుడు ఈ రెండూళ్ల చుట్టూ ద్రాక్షతోటలు ఉండేవి. కత్తెర పట్టి తీగలు కత్తిరించే ఆ రోజుల్లో నాకూ ఇలాంటి గడ్డే లేచింది. ఇంటి పెద్దాయన ఒకరు నా చెయ్యి అరుగు మీద పెట్టించి తూకంరాయితో ఒక్కటిచ్చారు. గడ్డ మాయం! అందరూ శభాష్ అన్నారు. ఆర్నెల్లలో గడ్డ తిరిగొచ్చింది. చేతినొప్పి మాత్రం ఆ ఆర్నెల్లూ నన్ను వదల్లేదు.

ఈ కొట్టుడు వైద్యం మన ఊళ్ల సొత్తేమీ కాదు. పాశ్చాత్య దేశాల్లో చాలా ఇళ్లలో అన్నిటికన్నా బరువైన పుస్తకం బైబిలే. దాంతో కొట్టి కొట్టి ఈ గడ్డకి 'బైబిల్ గడ్డ' అనే పేరే స్థిరపడింది. వైద్యులు పిలిచే పేరు గాంగ్లియాన్. గ్రీకు మాట. నరాల ముడులకీ అదే పేరు పెట్టడంతో ఇది నరానికి సంబంధించిన జబ్బని జనం హడలిపోతారు. నిజానికి ఇది నరంలో పుట్టే గడ్డ కాదు.

మన సుశ్రుతుడు ఇలాంటి వాపుల్ని 'గ్రంథి' అన్నాడు. కఫగ్రంథికి కాపడం పెట్టి, బొటనవేలితోనో, ఇనుముతోనో, రాతితోనో, వెదురుకర్రతోనో నొక్కి అణచమన్నాడు. ఇక 18వ శతాబ్దపు జర్మన్ శస్త్రవైద్యుడు లోరెంజ్ హైస్టర్ ఏం రాశాడో తెలుసా? రోజూ పొద్దున్నే పాచినోటి ఉమ్మి రుద్ది, పైన సీసపు రేకు కట్టమని! మా అమ్మ హైస్టర్‌ని చదవలేదు. హైస్టర్ మా అమ్మని చూడలేదు. అయినా ఇద్దరి చీటీలోనూ మందు ఒక్కటే.

పండగ మర్నాడు పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గదిలో దీపం ఆర్పి, టార్చి గడ్డకి ఆనించాడు. ఎండకి ఎత్తి పట్టుకున్న ద్రాక్షపండులా లోపలంతా వెలుగు నిండింది.

"చూశావామ్మా? లోపల చిక్కటి జిగురు. కీలులో ఉండే ద్రవం లాంటిదే. గట్టి కణితైతే వెలుగు ఇట్లా దాటదు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు" అన్నాడు.

పిల్ల గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

మరి పగిలినా ఎందుకు తిరిగొస్తుంది? ఈ పండుకి కాడ ఉంటుంది. మణికట్టు వెనక వచ్చే గడ్డల కాడ, అక్కడి రెండు చిన్న ఎముకల్ని కలిపే బంధనం దగ్గర మొదలవుతుందని 1976లో ఏంజెలిడిస్, వాలెస్ అనే వైద్యులు వివరంగా చూపించారు. పండు చిదిపితే లాభమేముంది? కాడ అలాగే ఉంటుందిగా! సూదితో జిగురు లాగేసినా సుమారు సగం మందికి తిరిగొస్తుంది. ఆపరేషన్‌లో కాడతో సహా తీస్తే మళ్లీ వచ్చే అవకాశం తక్కువే కానీ, పూర్తిగా పోదు. మచ్చ ఉంటుంది, కొందరికి చెయ్యి బిగుస్తుంది. అరచేతి వైపు వచ్చిన గడ్డయితే నాడి చూసే రక్తనాళం పక్కనే ఉంటుంది. దాన్ని కొట్టడం ఇంకా ప్రమాదం. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే? సుమారు సగం గడ్డలు వాటంతటవే పోతాయి. కాకపోతే నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు.

ఉమ్మికీ దెబ్బకీ ఇన్నేళ్లూ పేరెలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. పోయేది దానంతటదే పోయింది, ఘనత మనం కొట్టేశాం!

"నొప్పి, తిమ్మిరి, చెయ్యి బలహీనం కావడం, గడ్డ త్వరగా పెరగడం ఉంటే రండి. లేకపోతే దాని జోలికి పోకండి" అని డాక్టరు పంపించేశాడు.

ఆ సాయంత్రం బావ శబ్దరత్నాకరం మళ్లీ తీశాడు. నాకు గుండె ఝల్లుమంది. కానీ ఈసారి తెరిచాడు. 'గ్రంథి' అన్న మాట వెతికి, "ముడి అట" అన్నాడు.

"గ్రంథమన్నా ముడివేసి కూర్చిందే బావా. రెండూ ఒక ధాతువు బిడ్డలే. తోబుట్టువుతో కొట్టియ్యబోయినవు!" అన్నాను.

మేనకోడలు పకపకా నవ్వింది. గడ్డ ఇంకా ఉంది. ఆ రాత్రి మాత్రం పిల్ల హాయిగా నిద్రపోయింది.