భరణం కోతపై యజమాని రుసుము: ఎవరి పనికి ఎవరి కూలి?

అమెరికాలో పిల్లల భరణాన్ని జీతంలోంచి పట్టుకునే పద్ధతి మీద వచ్చిన రాతల్లో యజమాని రుసుముకు దక్కే చోటు పాదసూచిక. పేరోల్ విభాగం పని చేస్తుంది, చేసిన పనికి కూలి పుచ్చుకుంటుంది అన్నది వాటి ధోరణి. దీన్ని పరిహార వాదం అందాం. ఆ కూలి ఎవరి జేబులోంచి వస్తోందని ఈ వాదం అడగదు. నా పేచీ అక్కడే.

రుసుము ఎంతన్నది సమాఖ్య చట్టం రాష్ట్రాలకు వదిలింది. యజమాని వద్దనుకోవచ్చు, తీసుకుంటే మాత్రం ఉద్యోగి జీతంలోంచే. కాలిఫోర్నియాలో ఒక్కో చెల్లింపుకు డాలరున్నర. ఫ్లోరిడాలో మొదటి కోతకు 5 డాలర్ల దాకా, ఆపైన ప్రతి కోతకూ 2 డాలర్ల దాకా. టెక్సాస్‌లో నెలకు 10 డాలర్లు మించకూడదు. అంకెలు చిన్నవే. కానీ కాలిఫోర్నియాలో నెలజీతం అందుకునేవాడికి ఏడాదికి 18 డాలర్లు పోతే, అంతే భరణం కట్టే వారం జీతగాడికి 78 డాలర్లు పోతాయి. ఫ్లోరిడా వారం జీతగాడికి మొదటి ఏడాది 107 దాకా. వారానికి 50 డాలర్లు కట్టేవాడికి కాలిఫోర్నియా రుసుము 3 శాతం, 500 కట్టేవాడికి 0.3 శాతం. పేదవాడి మీదే బరువెక్కువ.

అసలు సంగతి పరిమితి దగ్గర ఉంది. చట్టప్రకారం పోవలసిన పన్నులు పోగా మిగిలిన జీతంలో, వేరే కుటుంబాన్ని పోషిస్తున్నవాడి నుంచి 50 శాతం, లేనివాడి నుంచి 60 శాతం దాకా పట్టుకోవచ్చు. బకాయి 12 వారాలు దాటితే మరో 5 శాతం. రుసుము కూడా ఈ గీతలోపే ఇమడాలి. కోత ఇప్పటికే గీతను తాకిన జీతంలో రుసుముకు చోటు చెయ్యాలంటే భరణం తగ్గాలి. అక్కడ ఆ డాలరున్నర బిడ్డది.

ఇదే యజమాని సమాఖ్య ఆదాయపు పన్నును జీతంలోంచి పట్టి కడతాడు. అందుకు ఉద్యోగి దగ్గర పైసా తీసుకోడు. టెక్సాస్‌లో అమ్మకపు పన్నును గడువులోగా కట్టే దుకాణదారుకు అర శాతం మినహాయింపు ఉంది, అది రాష్ట్రం తన రాబడిలోంచి వదులుకునే సొమ్ము. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 1976 సవరణతో వచ్చిన 21వ ఆర్డరు 48-ఏ రూలు ప్రైవేటు యజమాని చేత జీతం పట్టిస్తుంది. అందులో యజమానికి రుసుము అన్న మాటే లేదు.

ఒకరిద్దరు పనివాళ్లున్న చిన్న దుకాణానికి ఈ పని నిజంగా భారమేనని ఒప్పుకుంటాను.

అయినా భరణం వసూలు ప్రభుత్వం పని, యజమాని దానికి చెయ్యి మాత్రమే. ఆ చేతికి కూలి ఇవ్వాలనుకుంటే రాష్ట్రం తన ఖజానా నుంచి ఇవ్వాలి; జీతంలోంచి తీసుకునే రుసుమును రద్దు చెయ్యాలి.