నాట్యశాల వాకిట తల్లులు

రంగస్థలముపై వెలుగులో నిలచిన నర్తకిని లోకమంతయు చూచును. పదియేండ్ల ప్రాయమున ఆమె చేయిపట్టుకొని పాఠశాల వాకిటికి తెచ్చిన తల్లిని చూచువారు అరుదు. నృత్యచరిత్రలో రాజపోషకుల పేర్లు కలవు, గురువుల పేర్లు కలవు. బిడ్డకు విద్య చెప్పించుటకై ఇంటివారు పడిన పాట్లు మాత్రము ఆ చరిత్రలో ఏ మూలనో ఒదిగి యుండును. రష్యా దేశమున ఒకే పాఠశాల వాకిట నిలచిన మూడు కుటుంబముల కథను ఈ ప్రసంగమున శ్రోతలకు విన్నవింపదలచితిమి.

1738వ సంవత్సరమున, సామ్రాజ్ఞి అన్నా ఆజ్ఞచే, జాన్ బాప్టిస్ట్ లాండే అను ఫ్రెంచి నాట్యాచార్యుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరములో ఒక నృత్య పాఠశాలను నెలకొల్పెను. తొలుత చేరినవారు 12 మంది బాలురు, 12 మంది బాలికలు. వారు రాజభవన సేవకుల బిడ్డలు. కాబట్టి బాలే నృత్యము అచ్చట కలవారి బిడ్డల వేడుకగాక, లేనివారి బిడ్డలకు బ్రతుకుతెరువుగా మొదలైనది. 1836లో ఆ పాఠశాల రోసీ అను వాస్తుశిల్పి నిర్మించిన థియేటర్ వీధికి మారినది. ఆ వీధి పొడవు 220 మీటర్లు; వెడల్పు 22 మీటర్లు; ఇరువైపుల భవనముల ఎత్తును 22 మీటర్లే. అంత చక్కగా కొలిచి కట్టిన వీధిలో, బిడ్డల కాలుసేతులను సైతము కొలిచినట్లే పరీక్షించి ఎంచుకొనెడివారు.

ఆ పరీక్ష ఎట్టిది? పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో వైద్యులు ముందుగా బిడ్డ గుండెను, వెన్నెముకను పరీక్షించెడివారు. పిమ్మట నాట్యాచార్యులు పాదములను, మోకాళ్లను, నడకను గమనించెడివారు. స్వరజ్ఞానము కలదా, చదువు, లెక్కలు వచ్చునా అనునదియు చూచెడివారు. నెగ్గినవారిని వెంటనే శాశ్వతముగా చేర్చుకొనక, కొంతకాలము పరిశీలనలో నుంచెడివారు. అందును నిలచినవారికి భోజనము, వస్త్రము, వసతి, చదువు సర్వమును ప్రభుత్వమే ఇచ్చుచుండెను. చదువు ముగిసిన పిదప సామ్రాజ్య రంగశాలలో ఉద్యోగము, ఇరువదియేండ్ల సేవానంతరము పింఛను లభించుచుండెను. పేదతల్లికి ఇంతకంటె పెద్ద వరము ఏమున్నది? కాని ఆ వరమునకు వెలయును కలదు. బిడ్డ పదియేండ్లకే ఇల్లు విడువవలెను. లోపలి పిల్లలకు వెలుపలి లోకముతో సంబంధము బహుస్వల్పము. రంగశాలకు పోవునపుడును మూసిన బండ్లలోనే పోవుచుండిరి. బిడ్డను చేర్చుకొన్నారన్న వార్త విని సంతోషించిన తల్లియే, ఆ రాత్రి ఇంట ఖాళీ పడకను చూచి కంట తడి పెట్టియుండును.

మొదటి కుటుంబము అన్నా పావ్లోవాది. ఆమె 1881లో జన్మించినది. తల్లి ల్యుబోవ్ బట్టలుతికి జీవించుచుండెను. తండ్రి అండ లేదు. బిడ్డ బక్కపలుచనిది, తరచు జబ్బుపడునది. అట్టి తల్లి ఒకనాడు కూడబెట్టిన పైకముతో బిడ్డను మరీన్స్కీ రంగశాలకు తీసికొనిపోయెను. 1890లో మొదటిసారి ప్రదర్శింపబడిన 'నిద్రించు సుందరి' అను బాలే అది. అందు వాల్ట్స్ నృత్యమును చూచి, నీవును వారితో ఆడుదువా యని తల్లి అడుగగా, తాను గుంపులో గాక రాజకుమారియై ఒంటరిగా ఆడెదనని బిడ్డ బదులు చెప్పెనట. పాఠశాలకు పోగా, వయసు చాలలేదనియు, దేహము బలహీనమనియు చేర్చుకొనలేదు. తల్లి నిరుత్సాహపడలేదు, బిడ్డను మందలింపలేదు, కాలము గడువనిచ్చినది. 1891లో మరల తీసికొనిపోగా పదియేండ్ల అన్నా ఎన్నికైనది. తోడిపిల్లలు ఆమె సన్నని మేనిని చూచి చీపురుపుల్ల యని ఎగతాళి చేసిరి. ఆ సన్నని మేనినే తరువాత లోకము ఆరాధించినది.

రెండవ కుటుంబము తమారా కార్సావినాది. ఈమె 1885లో జన్మించినది. తండ్రి ప్లాటోన్ స్వయముగా సామ్రాజ్య రంగశాల నర్తకుడు. రంగస్థలపు ఈర్ష్యలను, కుతంత్రములను ఎరిగినవాడగుటచే, కూతురు ఆ దారి త్రొక్కుట ఆయనకు ఇష్టము లేకుండెను. తల్లి అన్నా ఇయోసిఫోవ్నా మాత్రము భర్తకు తెలియకుండ, విశ్రాంతి తీసికొన్న నర్తకియు కుటుంబ మిత్రురాలునగు వేరా జూకోవా కడ బిడ్డకు పాఠములు చెప్పించెను. కొన్ని నెలలకు సంగతి బయటపడగా, తండ్రి సమ్మతించుటయేగాక తానే గురువై కఠినముగ నేర్పసాగెను. 1894లో తమారా పాఠశాలలో చేరినది. వద్దన్న తండ్రికి ఆ విద్యలోని కష్టము తెలియును. కావలెనన్న తల్లికి బిడ్డ మనసు తెలియును. ఇరువురిదియు ప్రేమయే.

మూడవ కుటుంబము వాస్లావ్ నిజిన్స్కీది. తల్లిదండ్రులు ఊరూర తిరిగి నృత్యము చేసి బ్రతికిన పోలిష్ కళాకారులు. తండ్రి కుటుంబమును విడిచిపోగా, తల్లి ఎలియొనోరా మువ్వురు బిడ్డలతో పీటర్స్‌బర్గు చేరెను. పెద్దకొడుకు చిన్నతనమున కిటికీనుండి పడి, మానసికముగ ఎదుగలేకపోయెను. 1898లో వాస్లావ్, 1900లో చెల్లెలు బ్రోనిస్లావా పాఠశాలలో చేరిరి. ఆ తల్లికి ఇది కళాసేవ మాత్రమే కాదు. ఇద్దరు బిడ్డలకు కూడు, గూడు. అయినను అచ్చట అంతయు సుఖమే యని తలపరాదు. 1901లో తోడి విద్యార్థులు పందెము పెట్టి వాస్లావును అడ్డుకర్రమీదుగ దుమికించి, దాని ఎత్తును పెంచగా, అతడు పడి తీవ్రముగ గాయపడి ఆసుపత్రి పాలాయెను. కోలుకొన్న బిడ్డను ఆ తల్లి మరల అదే పాఠశాలకు పంపెను. 1907లో అతడు పట్టభద్రుడాయెను. కొలది సంవత్సరములలోనే ఐరోపా యంతయు అతని పేరు మారుమ్రోగెను.

ఈ మువ్వురు తల్లులును బిడ్డలకు ప్రతిభ నిచ్చినవారు కారు. ప్రతిభకు వేళ నిచ్చినవారు. ఒకరు నిరాకరణ నోర్చుకొని వేచియుండిరి. ఒకరు ఇంటిలోని అభ్యంతరమును మెల్లగ కరిగించిరి. ఒకరు దారిద్ర్యమును, భయమును దిగమ్రింగిరి. అయితే బయటనుండి మరలిపోయిన బిడ్డలును అనేకులు కలరు. వారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. గెలిచిన నిజిన్స్కీ సైతము ముప్పదియేండ్ల ప్రాయముననే మానసిక రుగ్మతకు లోనై రంగమును విడువవలసివచ్చెను. కావున ఎన్నికయగుటయే బిడ్డ విలువకు కొలబద్ద యని తలచు తల్లిదండ్రులు పొరబడుదురు. వాకిట నిరాకరింపబడిన బిడ్డను ఇంటికి తోడ్కొని వచ్చి, ఏమియు జరుగనట్లు అన్నము పెట్టగల తల్లియే నిజముగ అండగ నిలచిన తల్లి.

మన కూచిపూడిలో విద్య తరతరములుగ తండ్రినుండి కొడుకునకు ఇంటి అరుగుమీదనే సంక్రమించినది. అచ్చట పుట్టుకయే ప్రవేశార్హత. ఆడపిల్లలకు చాలకాలము చోటు లేకుండెను. పీటర్స్‌బర్గు పాఠశాలలో ఇల్లు విడువవలసి వచ్చినను, చాకిరి చేయు తల్లి కూతురికి తలుపు తెరచికొన్నది. ఏ పద్ధతికి ఆ పద్ధతిలో లాభమును కలదు, నష్టమును కలదు.

ఆ తలుపు తెరచుకొన్నందున మన దేశమునకును మేలు కలిగినది. 1923లో పావ్లోవా, అప్పటికి లండనులో చిత్రకళ నభ్యసించుచున్న ఉదయశంకరుతో కలసి రాధాకృష్ణుల నృత్యమును ప్రదర్శించినది. 1928లో ఆమె బొంబాయికి వచ్చినపుడు రుక్మిణీదేవి ఆమెను చూచినది. పిదప ఒకే ఓడలో ఆస్ట్రేలియాకు ప్రయాణించుచు స్నేహము పెంచుకొన్నది. మీ దేశపు నృత్యమును మీరు వెదకికొనుడని పావ్లోవా ప్రోత్సహించెను. 1936లో రుక్మిణీదేవి మదరాసులో స్థాపించిన కళాక్షేత్రమునకు వెనుక ఆ ప్రోత్సాహమును కలదు.

థియేటర్ వీధికి నేడు రోసీ పేరు. పాఠశాలకు 1957 నుండి వాగనోవా పేరు. ఆ వాగనోవాయు రంగశాలలో పనిచేసిన ఒకని కూతురే. నేటికిని బిడ్డల చేతులు పట్టుకొని తల్లులు ఆ వాకిటికి వచ్చుచునే యున్నారు.