పాపపు ఒప్పుకోలు: ఎవరి ముందు?

తొలి శతాబ్దాల క్రైస్తవ సంఘంలో పాపపు ఒప్పుకోలు గుట్టుగా జరిగే పని కాదు. బాప్తిస్మంతో పాత పాపాలన్నీ పోతాయని నమ్మిన సంఘానికి, ఆ తర్వాత చేసిన విగ్రహారాధన, హత్య, వ్యభిచారం లాంటి ఘోరాలను ఏం చేయాలన్నది పెద్ద చిక్కయింది. రెండో శతాబ్దంలో రోములో పుట్టిన 'హెర్మా కాపరి' అనే గ్రంథం అలాంటివారికి ఒక్క అవకాశం ఉందని చెప్పింది, రెండోది లేదు. ఆ ఒక్క అవకాశం ఎలా ఉండేదో సుమారు 203లో కార్తేజివాసి తెర్తుల్లియన్ పశ్చాత్తాపంపై రాసిన పుస్తకంలో కనిపిస్తుంది. గోనెపట్ట కట్టి, బూడిదలో కూర్చుని, ఉపవాసముండి, పెద్దల పాదాలపై పడి, తమ కోసం ప్రార్థించమని తోటి విశ్వాసులను వేడుకోవాలి. సిగ్గుకు వెరచి చాలామంది దీన్ని వాయిదా వేస్తున్నారని ఆయనే వాపోయాడు.

250లో డేసియస్ చక్రవర్తి, అందరూ రోమన్ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. ఎందరో క్రైస్తవులు ప్రాణభయంతో లొంగిపోయారు. కొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించారు. వీళ్లు మళ్లీ సంఘంలోకి వస్తామన్నప్పుడు గొడవ మొదలైంది. రానివ్వకూడదని పట్టుబట్టి రోములో నొవాషియన్ వేరుకుంపటి పెట్టాడు. తప్పు తీవ్రతను బట్టి ప్రాయశ్చిత్తం విధించి చేర్చుకోవాలన్నాడు కార్తేజి బిషప్పు సిప్రియన్. చివరికి ఆయన మాటే నిలిచింది. 325లో నైసియా మహాసభ, బలవంతం లేకుండానే విశ్వాసం వదిలినవారికి 12 ఏళ్ల క్రమం విధించింది: 3 ఏళ్లు వాక్యం వినేవారితో, 7 ఏళ్లు సాష్టాంగపడేవారితో ఉండాలి, మిగిలిన 2 ఏళ్లు ప్రార్థనలో కలిసినా ప్రభువు బల్లలో పాలు లేదు.

ఈ క్రమం చక్రవర్తినీ వదల్లేదు. 390లో థెస్సలొనీకలో అల్లరిమూక ఒక సైన్యాధికారిని చంపినందుకు ప్రతీకారంగా థియోడోసియస్ సైనికులు ఊరి జనాన్ని ఊచకోత కోశారు. మిలాన్ బిషప్పు అంబ్రోస్ చక్రవర్తికి ఎదురుపడకుండా నగరం విడిచి వెళ్లి, స్వహస్తంతో ఉత్తరం రాశాడు: ప్రాయశ్చిత్తం చేసుకోనిదే ఆయన సమక్షంలో బల్ల ఆచరించలేనని. బిషప్పు గుడి వాకిట్లో చక్రవర్తిని అడ్డగించే దృశ్యాన్ని చిత్రకారులు ఇష్టంగా గీశారు. అయితే ఆ కథ సుమారు అర్ధశతాబ్దం తర్వాతి రచయితలది. ఉత్తరంలో వినిపించేది గద్దింపు కన్నా బతిమాలడమే. థియోడోసియస్ రాజచిహ్నాలు తీసేసి గుడిలో అందరిముందూ ఏడ్చాడని 395లో ఆయన సంస్మరణ ప్రసంగంలో అంబ్రోసే చెప్పాడు.

జీవితంలో ఒకేసారి దొరికే ప్రాయశ్చిత్తాన్ని జనం మరణశయ్య దాకా దాచుకోవడంతో ఈ పద్ధతి దానంతటదే నీరసించింది. దీనికి మందు ఐర్లాండు మఠాల నుంచి వచ్చింది. అక్కడి సన్యాసులు ఏకాంతంగా, ఎన్నిసార్లయినా ఒప్పుకోవచ్చన్నారు. ఏ పాపానికి ఎన్నాళ్లు రొట్టెతో, నీళ్లతో గడపాలో చెప్పే చేతిపుస్తకాలు తయారుచేశారు. 600 ప్రాంతంలో కొలంబానస్ ఈ ఆచారాన్ని ఐరోపా ఖండానికి తీసుకెళ్లాడు. మాటిమాటికీ ప్రాయశ్చిత్తమేమిటని 589లోనే తొలెదో సభ ఖండించినా జనం మొగ్గు ఇటే. నిజానికి ఆ పుస్తకాలు పాపాల ధరల పట్టికల్లాంటివే. ఉపవాసానికి బదులు డబ్బు చెల్లించే వెసులుబాటు కూడా క్రమంగా వాటిలో చేరింది.

1215లో నాలుగో లాటరన్ మహాసభ, ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలని శాసించింది. విన్నది బయటపెట్టిన గురువును పదవినుంచి తొలగించి, బతికినంతకాలం మఠంలో ప్రాయశ్చిత్తం చేయించాలని కూడా నిర్ణయించింది. చెప్పేవారికీ వినేవారికీ మధ్య తెర ఉండే చెక్క గది 16వ శతాబ్దపు ఏర్పాటు. మిలాన్ ఆర్చిబిషప్పు చార్లెస్ బొరొమెయో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు.

1517లో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకంపై 95 వాదాలు రాసినప్పుడు, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నది మొదటి వాదం. ఆయన గురువు ముందు ఒప్పుకోలును కొట్టివేయలేదు. 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో దానికి చోటిచ్చాడు. ఇంగ్లండులో మాత్రం 1552 ప్రార్థన పుస్తకం ఉదయారాధన మొదట్లోనే సభంతా కలిసి చెప్పే ఒప్పుకోలును చేర్చింది. ఆర్థొడాక్సు సంఘాల్లో మరో ఆచారం ఉంది: ఈస్టరు ముందరి ఉపవాసకాలం ఆరంభమయ్యే ఆదివారం సాయంత్రం గురువూ సభ్యులూ ఒకరికొకరు వంగి క్షమాపణ అడుగుతారు. తోటివారి ముఖం చూసి అడగాలన్న పాత నియమానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదే.

సంఘమే క్షమాపణ అడిగిన సందర్భం కూడా వచ్చింది. 2000 మార్చి 12న రోములో రెండో జాన్ పాల్ పోపు, యూదుల పట్ల జరిగిన అన్యాయం సహా క్రైస్తవుల గత దోషాలకు దేవుణ్ణి బహిరంగంగా క్షమాపణ వేడుకున్నాడు.

తెలుగు నేలమీద రెండు దారులూ ఉన్నాయి. కతోలికులు పాపసంకీర్తనం పేరుతో గురువు దగ్గర విడిగా ఒప్పుకుంటారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ప్రభువు బల్లకు ముందు సభంతా ఒక్క గొంతుతో ఒప్పుకోలు ప్రార్థన చెబుతుంది.