కంటి గూటి లింఫోమాకు పేరు దొరికిన వైనం

కనుగుడ్డు చుట్టూ ఉన్న ఎముకల గూటిలోను, కన్నీటి గ్రంథిలోను, రెప్పల లోపలి పొరలోను పుట్టే లింఫోమా, అంటే లింఫోసైట్లనే తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరగడం వల్ల వచ్చే క్యాన్సర్, అరుదైనదే కాక నొప్పి లేకుండా నెలల తరబడి పెరిగేది కావడంతో వైద్యులకు చాలాకాలం అంతుచిక్కలేదు. రెప్ప ఎత్తి చూస్తే కొందరిలో లేత నారింజ ఛాయ గల గులాబీ రంగు మచ్చ కనిపిస్తుంది. సాల్మన్ చేప కండను పోలిన ఆ రంగును బట్టి పాశ్చాత్య వైద్యులు దానికి సాల్మన్ మచ్చ అని పేరు పెట్టారు.

1905లో జర్మన్ నేత్రవైద్యుడు బిర్ష్-హిర్ష్‌ఫెల్డ్ ప్రత్యేక వ్యాధిగా వివరించిన సూడోట్యూమర్, అంటే కణితిలా కనిపించే వాపు, తరువాతి దశాబ్దాలలో లింఫోమా సహా తేల్చలేని ప్రతి గడ్డనూ పడేసే గంపగా మారింది. స్టెరాయిడ్లు వచ్చాక చిక్కు ఇంకా ముదిరింది; ఆ మందుకు వాపుతో పాటు లింఫోమా కూడా తాత్కాలికంగా కరుగుతుంది కనుక, తగ్గితే వాపేననే తర్కం వైద్యులను తప్పుదారి పట్టించింది.

సూక్ష్మదర్శిని ఒక్కటే ఈ చిక్కు విప్పలేకపోయింది, ఎందుకంటే రెండింటిలోనూ కనిపించేవి అవే చిన్న లింఫోసైట్లు. 1975లో కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీని కనిపెట్టిన తరువాతే, గడ్డలోని కణాలన్నీ ఒకే తల్లికణం సంతానమా కాదా అని తేల్చే పరీక్షలు విస్తరించాయి. ఈ పరీక్షలలో కొన్నింటికి తాజా కణాలు కావాలి కనుక నేటికీ శస్త్రవైద్యుడు తీసిన ముక్కలో కొంత ఫార్మలిన్‌లో వేసి, కొంత పచ్చిగానే ప్రయోగశాలకు పంపుతాడు. 1983లో ఐజాక్‌సన్, రైట్ శ్లేష్మపొరల్లో పుట్టే మాల్ట్ లింఫోమాను వర్ణించగా, కంటి చుట్టూ వచ్చేవాటిలో అధికభాగం ఆ కోవకే చెందుతాయని క్రమంగా తేలింది.

జీర్ణాశయంలోని మాల్ట్ లింఫోమా హెలికోబాక్టర్ క్రిమిని తొలగిస్తే తగ్గుతుందని 1993లో వెల్లడి కావడంతో, కంటికీ అలాంటి క్రిమి ఉందేమోనన్న వెతుకులాట మొదలైంది. 2004లో ఇటలీకి చెందిన ఫెర్రెరి బృందం 40 నమూనాలలో 32 చోట్ల, చిలుకల నుంచి మనిషికి సోకే క్లమీడియా సిటాసి డీఎన్ఏ ఉందని ప్రకటించి, మరుసటి ఏడాది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో కొందరిలో కణితులు తగ్గాయని చూపింది. ఇతర దేశాలలో ఆ క్రిమి కొన్నిచోట్ల తక్కువగా కనిపించగా, కొన్నిచోట్ల అసలే దొరకలేదు; కనుక దీన్ని అంతటికీ వర్తించే కారణమనడం తొందరపాటే.

కంటి గూటికే పరిమితమైన వ్యాధికి నేడూ ప్రధాన చికిత్స రేడియేషనే. సాధారణంగా ఇచ్చే 24 గ్రేల మోతాదుకు బదులు, శుక్లాలు, కంటి పొడిబారడం వంటి బాధలు తగ్గించేందుకు, కొందరికి రెండు విడతలుగా మొత్తం 4 గ్రేలు మాత్రమే ఇస్తున్నారు.