ఒక్క మహిళ, రెండు బిల్లులు, 20 ఏళ్ళు: డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కథ

ఎన్నికలు వచ్చాయంటే మన ఎమ్మెల్యే రోడ్డు వేయించాడా, బోరు వేయించాడా, పెళ్ళికి వచ్చాడా, చావుకి వచ్చాడా అని లెక్కలు తీస్తాం. అసెంబ్లీలో ఏ బిల్లు మీద ఏం మాట్లాడాడో మాత్రం ఎవ్వరం అడగం. శాసనసభ్యుడు అనే పేరులోనే శాసనం ఉంది కదా, మరి ఆ పని సంగతేంటి? మంత్రి కాని ఒక మామూలు సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లుని ప్రైవేట్ మెంబర్ బిల్ అంటారు. మన పార్లమెంట్‌లో 1970 తర్వాత అలాంటి బిల్లు ఒక్కటి కూడా చట్టం కాలేదు. ఒక్కటి కూడా!

ఇప్పుడు 1926కి వెళ్దాం. మద్రాస్ లెజిస్లేటివ్ కౌన్సిల్. వందమందికి పైగా సభ్యులుంటే అందరూ మగవాళ్ళే. వాళ్ళ మధ్యలో ఒకే ఒక్క మహిళ. పార్టీ బలం లేదు, మంత్రి పదవి లేదు. ఆవిడ మూడేళ్ళలో ఒక బిల్లుని చట్టం చేయించింది, ఇంకో బిల్లుకి పునాది వేసి వెళ్ళిపోయింది. ఆవిడ పేరు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి.

పేరు చివర రెడ్డి ఉందని మనూరి ఆవిడ అనుకోకండి. పుట్టింది పుదుక్కోట్టైలో, 1886 జూలై 30న. రెడ్డి అనేది భర్త డాక్టర్ సుందర రెడ్డి గారి పేరు నుంచి వచ్చింది. నన్ను సమానంగా చూడాలి, నా ఇష్టాలకి అడ్డు రాకూడదు అని ముందే కండిషన్ పెట్టి 1914లో ఆయన్ని పెళ్ళి చేసుకుంది. 1914లో! తండ్రి నారాయణస్వామి అయ్యర్, కాలేజీ ప్రిన్సిపాల్, బ్రాహ్మణుడు. తల్లి చంద్రమ్మాళ్‌ది దేవదాసీ కుటుంబం. ఈ కథంతా ఆ చివరి వాక్యం చుట్టూనే తిరుగుతుంది, గుర్తుపెట్టుకోండి.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తా. మగపిల్లల కాలేజీలో సీటు కావాలంటే ఊళ్ళో పెద్దలు గోల చేశారు, మహారాజు ఒప్పుకుని చేర్పించాడు. తర్వాత మద్రాస్ మెడికల్ కాలేజీ, 1912లో డాక్టర్ పట్టా. ప్రాక్టీసు బాగా నడుస్తోంది, పై చదువుకి ఇంగ్లండ్ కూడా వెళ్ళొచ్చింది. రాజకీయాల్లోకి రావాలన్న ప్లాన్ అసలు లేదు.

మద్రాస్ ప్రెసిడెన్సీలో ఆడవాళ్ళకి ఓటు 1921లోనే వచ్చింది, బ్రిటిష్ పాలనలోని మిగతా ప్రాంతాలకంటే ముందు. అయితే అప్పట్లో ఓటు అందరికీ కాదు, ఆస్తి ఉన్నవాళ్ళకే. కౌన్సిల్‌లో కూర్చునే హక్కు మాత్రం 1926 దాకా రాలేదు. ఆ ఏడాది కమలాదేవి ఛటోపాధ్యాయ పోటీ చేసి కొద్ది ఓట్లతో ఓడిపోయింది. అడయార్‌లోని విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ వాళ్ళు కనీసం ఒక్క మహిళనైనా నామినేట్ చేయాలని పట్టుబట్టి ముత్తులక్ష్మి పేరు ముందుకు తెచ్చారు. నామినేటెడ్ సభ్యురాలిగా వెళ్ళిన ఆవిడని సభ ఏకగ్రీవంగా డిప్యూటీ ప్రెసిడెంట్‌గా ఎన్నుకుంది. ఇప్పటి భాషలో డిప్యూటీ స్పీకర్ అనుకోండి.

సరే, అసలు మేటర్‌కి వద్దాం.

దేవదాసీ అంటే మనలో చాలామందికి సినిమాలో చూసిన బొమ్మే. 'కన్యాశుల్కం' చదివినవాళ్ళకి మధురవాణి గుర్తొస్తుంది. కోస్తాలో ఈ కులాన్ని కళావంతులు అనేవాళ్ళు. చిన్నప్పుడే ఆడపిల్లకి గుళ్ళో దేవుడి పేరు మీద తాళి కట్టేవాళ్ళు. ఇక ఆ అమ్మాయి ఎవరినీ పెళ్ళి చేసుకోదు. ఆట, పాట, హారతి ఆవిడ సేవ. బతుకు మాత్రం చాలాసార్లు ఎవరో జమీందారు, ఎవరో ధనవంతుడు 'ఉంచుకోవడం' మీద ఆధారపడేది. వీరేశలింగం పంతులు గారు 19వ శతాబ్దంలోనే రాజమండ్రిలో దీనికి వ్యతిరేకంగా రాశారు, తిట్టారు కూడా. తిట్టినంత మాత్రాన ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? నాకు ఈ కథలో అన్నింటికన్నా నచ్చిన భాగం ఇదే, కాస్త ఓపిగ్గా వినండి.

మైనర్ పిల్లల్ని వ్యభిచారానికి అమ్మడం, కొనడం ఇండియన్ పీనల్ కోడ్ ప్రకారం అప్పటికే నేరం. 1924లో ఆ వయసుని 18కి పెంచారు కూడా. కానీ గుళ్ళో జరిగే తంతు చూసేవాళ్ళకి ఒక పూజ. రేపు ఈ పిల్లని ఎవరో వాడుకుంటారని ఈరోజు కోర్టులో ఎలా నిరూపిస్తారు? పైగా 1858లో విక్టోరియా రాణి మీ మతాల జోలికి రాము అని ప్రకటించినప్పటి నుంచి బ్రిటిష్ వాళ్ళు గుడి అనగానే రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు.

రెండోది భూమి. గుడి సేవ చేసే కుటుంబానికి ఇనాం భూమి ఉండేది. సేవ నడిచినంత కాలమే ఆ భూమి. ఈ తరం ఆవిడ ముసలిదైతే ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఆ సేవకి ఎక్కాలి, లేకపోతే పొలం పోతుంది. అంటే తల్లికి ఇష్టం లేకపోయినా, మనసు ఒప్పకపోయినా, పిల్లకి తాళి కట్టకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని డిపెండెన్సీ అంటారు. దాన్ని విప్పకుండా పైనున్న ముక్కని డిలీట్ చేస్తే మొత్తం కూలిపోతుంది.

ముత్తులక్ష్మి సరిగ్గా ఆ వరసలోనే వెళ్ళింది. 1927 నవంబర్‌లో మొదట ఒక తీర్మానం: హిందూ గుళ్ళలో ఆడపిల్లల్ని అంకితం చేయడం ఆపడానికి చట్టం తేవాలని ప్రభుత్వానికి సిఫారసు. సభ ఒప్పుకుంది. తీర్మానం అంటే సలహా మాత్రమే. అందుకని నిషేధం కోసం ఎదురుచూడకుండా ముందు భూమిని పట్టుకుంది. 1926లో వచ్చిన హిందూ ధర్మాదాయాల చట్టానికి సవరణ బిల్లు తెచ్చింది. దాని సారాంశం ఇది: దేవదాసీల ఇనాం భూముల మీదున్న 'సేవ చేయాలి' అన్న షరతు తీసేయాలి, సేవకి బదులు ఒక అద్దెలాంటిది కడితే చాలు. 1929లో అది చట్టమైంది. గుళ్ళో ఆడకపోయినా పొలం పోదు. కూతుర్ని బడికి పంపినా పొలం పోదు.

ఆ చట్టం పేరు చూస్తే నిద్రొస్తుంది. ధర్మాదాయాల సవరణ, అంతే. హెడ్‌లైన్ అయ్యే సరుకే కాదు. నన్నడిగితే ఆవిడ చేసిన అన్నింటిలో తెలివైన పని అదే.

ఇప్పుడు అవతలి వైపు కూడా వినాలి, లేకపోతే ఈ కథ సగమే. బిల్లుని వ్యతిరేకించినవాళ్ళలో కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి లాంటి మగవాళ్ళు సంప్రదాయం, కళ అని మాట్లాడారు. వాళ్ళని పక్కన పెట్టండి. దేవదాసీలే ఎదురు తిరిగారు. సంఘం పెట్టుకుని ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చారు. ముందు వరసలో నిలబడింది బెంగళూరు నాగరత్నమ్మ.

ఈవిడ మనకి బాగా తెలియాల్సిన మనిషి. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అనే తెలుగు కావ్యాన్ని 1910లో పూర్తిగా అచ్చు వేయించింది. అశ్లీలం అని బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దశాబ్దాల తర్వాత టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాస్ ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు. తిరువయ్యూరులో త్యాగరాజు సమాధికి తన సంపాదనతో గుడి కట్టించిందీ ఈవిడే. అంటే తెలుగు పద్యం, తెలుగు కీర్తన రెండూ ఈవిడకి బాకీ ఉన్నాయి.

ఇలాంటి మనిషి ఏమందంటే: మేము వ్యభిచారిణులం కాదు, కళాకారిణులం. మాలో ఎవరైనా దారి తప్పితే చదువు చెప్పండి, అంతేగానీ మా సంప్రదాయాన్నే నేరం చేయకండి. ఇక్కడ ఒక గట్టి పాయింట్ కూడా ఉంది. ఆ రోజుల్లో మామూలు కుటుంబంలో ఆడపిల్లకి తండ్రి ఆస్తిలో దాదాపు ఏమీ లేదు. దేవదాసీ ఇంట్లో మాత్రం ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది, ఆడపిల్లని దత్తత తీసుకునే హక్కు కూడా ఉండేది. మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా ఇచ్చింది 1980లలో కదా, దాంతో పోల్చి చూసుకోండి.

అదే కులంలో పుట్టి ముత్తులక్ష్మి పక్కన నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. తెలుగావిడ యామినీ పూర్ణతిలకం మద్రాసులో ఈ కుటుంబాల అమ్మాయిల కోసం శరణాలయం నడిపింది, ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చింది. తమిళనాడులో మూవలూర్ రామామృతం అమ్మాళ్ కూడా అంతే. కాబట్టి 'బయటివాళ్ళు వర్సెస్ దేవదాసీలు' అని గీత గీస్తే తప్పు. ఇది ఒకే ఇంట్లోని గొడవ. నాగరత్నమ్మ దేవదాసీ తల్లికి పుట్టింది, ముత్తులక్ష్మి తల్లి కూడా ఆ కుటుంబం నుంచే వచ్చింది. ఒకరికి ఆ ఇంట్లో సంగీతం, చదువు, ఆస్తి కనిపించాయి. డాక్టరైన ఇంకొకరికి ఎదగని ఒంట్లు, రోగాలు కనిపించాయి. నా ఓటు ముత్తులక్ష్మికే, ఎందుకంటే ఏడెనిమిదేళ్ళ పిల్లని ఎవరూ నీకిష్టమా అని అడగలేదు. కానీ పెద్ద గొంతు ఉన్న ఆ ఆడవాళ్ళ మాటని కౌన్సిల్ ఇంకాస్త వినుంటే చట్టం మెరుగ్గా ఉండేదని కూడా అనుకుంటాను. ఎందుకో కాసేపట్లో చెప్తా.

1930లో అసలు నిషేధ బిల్లు తెచ్చింది. ప్రజాభిప్రాయం కోసం దాన్ని బయటకి పంపారు. ఈలోపు ఉప్పు సత్యాగ్రహం, గాంధీ అరెస్టు. నిరసనగా ముత్తులక్ష్మి పదవికి రాజీనామా చేసింది. ఆవిడ లేకపోయేసరికి బిల్లు మూలనపడింది.

అదే రోజుల్లో కొందరు దేవదాసీ కుటుంబాల అమ్మాయిలు ఆశ్రయం కోసం ఆవిడ ఇంటి తలుపు తట్టారు. కులం చూసే హాస్టళ్ళు వాళ్ళని చేర్చుకోలేదు. చట్టం రాసిన మనిషి ఇప్పుడు వీళ్ళకి 'వెళ్ళి ఎక్కడైనా ఉండండి' అని చెప్పగలదా? తన ఇంట్లోనే పెట్టుకుంది. అవ్వై హోమ్ అలా మొదలైంది, అడయార్‌లో ఇప్పటికీ నడుస్తోంది. చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోవడం చూసిన బాధతో పట్టుబట్టి సాధించిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మన జిల్లాల నుంచి రైలెక్కి అక్కడికి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో.

మూలనపడ్డ బిల్లు మళ్ళీ లేచింది 1947లో. ఓమందూర్ రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వంలో మద్రాస్ దేవదాసీల అంకిత నిరోధక చట్టం వచ్చింది. తొలి తీర్మానం నుంచి లెక్కేస్తే 20 ఏళ్ళు. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాస్‌లోనే ఉన్నాయి కాబట్టి అది మనకీ వర్తించింది.

ఇందాక చెప్తానన్నది ఇదే. ఆ చట్టం అంకితం చేయడంతో ఆగలేదు, గుడి ఆవరణలో, దేవుడి ఊరేగింపులో ఆడవాళ్ళు నాట్యం చేయడాన్ని కూడా చట్టవిరుద్ధం అంది. గోదావరి జిల్లాల్లో తరతరాలుగా గుడి నాట్యం తెలిసిన కళావంతుల స్త్రీలు ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. అదే కాలంలో పెద్దింటి అమ్మాయిలు భరతనాట్యం నేర్చుకుని స్టేజీ ఎక్కి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆట గౌరవం సంపాదించింది, ఆట నేర్పిన ఇళ్ళకి గౌరవం దక్కలేదు. తర్వాత నటరాజ రామకృష్ణ గారు ఆ పెద్దావిడల్ని వెతికి పట్టుకుని, వాళ్ళ దగ్గర మిగిలినదంతా కూడగట్టి ఆంధ్రనాట్యం పేరుతో నిలబెట్టారు.

మరి తెలంగాణ? నిజాం రాజ్యం కాబట్టి మద్రాస్ చట్టం అక్కడికి రాలేదు. అక్కడ జోగిని పేరుతో, ఎక్కువగా దళిత కుటుంబాల ఆడపిల్లల మీద ఈ ఆచారం నడుస్తూనే ఉంది. వాళ్ళకి ఇనాం పొలాలూ లేవు, వినతిపత్రాలు రాసే సంఘాలూ లేవు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దేవదాసీల అంకిత నిషేధ చట్టం చేసింది 1988లో. ముత్తులక్ష్మి 1968 జూలైలోనే చనిపోయింది. నెక్స్ట్ ఎపిసోడ్ జోగినుల మీదే.