బండపై మంచు గీతలు

గోదావరి పరివాహక ప్రాంతమునందలి చంద్రపూరు జిల్లా వేసవి యెండలకు ప్రసిద్ధము. ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటిగ్రేడును మించు దినములు అచట పెక్కు. ఆ జిల్లాలో ఇరాయి యనుచోట 1872లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఫెడెన్ ఒక వింతను కనుగొనెను. అచటి సున్నపురాతి బండ సానపట్టినట్లు నునుపుగా నుండెను. దానిపై ఒకే దిశగా సాగిన గీతలు చెక్కినట్లు కనబడెను. ఆ గీతలను గీసినదేది?

సమాధానమునకై మంచుకొండలవైపు చూడవలెను. అచట కురిసిన మంచు వేసవిలో పూర్తిగా కరగక మిగిలినచో, ఏటేట పొరపై పొరగా పేరుకొనును. పైపొరల బరువునకు లోని గాలి చాలవరకు వెలికిపోవును. దూదివంటి మంచు మొదట గుళికలై, తుదకు గట్టి మంచుగడ్డగా మారును. ఆ గడ్డ తగినంత మందమైనప్పుడు తన బరువుచేతనే పల్లమునకు సాగును. ఇదియే హిమానీనదము.

అది నిజముగా నడచునా? 1827లో స్విట్జర్లండునందలి ఉంటెరార్ హిమానీనదముపై హూగీ యను శాస్త్రజ్ఞుడు ఒక గుడిసె కట్టించెను. 1839లో లూయీ అగాసీ దానిని చూచునప్పటికి అది కిలోమీటరునకు పైగా దిగువకు చేరియుండెను. గుడిసె నడువలేదు, దాని క్రింది మంచు నడచెను.

అట్లు నడచు మంచు అడుగున చిక్కిన రాళ్లు నేలబండను ఆకురాయివలె గీయును. మంచు కరగినచోట పెద్దబండలు, గులకరాళ్లు, మెత్తని మట్టి కలగాపులగముగా మిగిలిపోవును. పారు నీరు వీనిని పరిమాణమునుబట్టి వేరుపరచును. మంచు అట్లు చేయదు. ఇట్టి గురుతులనుబట్టియే, పూర్వమొక మంచుయుగముండెనని 1840లో అగాసీ తన గ్రంథమున వాదించెను.

1856లో ఒరిస్సాయందలి తాల్చేరు బొగ్గు ప్రాంతమును వర్ణించుచు బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డు అచటి గుండురాళ్ల పొర మంచు చేసిన పనియై యుండునని సూచించిరి. ఉష్ణదేశమున మంచెట్లు వచ్చెనను సందేహము సహజమే. ఇరాయి బండపై గీతలు ఆ సూచనకు బలమైన సాక్ష్యమయ్యెను. ఈ తాల్చేరు పొరలు తెలంగాణమునందలి గోదావరి లోయలోను కలవు. వాని వయస్సు సుమారు 30 కోట్ల సంవత్సరములు.

దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలలోను ఇట్టి గురుతులు దొరకెను. ఈ భూభాగములన్నియు పూర్వము ఒక్కటిగా దక్షిణధ్రువ ప్రాంతమున నుండి, పిమ్మట విడిపోయెనని 1912లో వెగెనర్ ప్రతిపాదించెను. పెక్కురు అంగీకరింపలేదు. 1960 దశకమున భూఫలకముల సిద్ధాంతము స్థిరపడిన పిమ్మట ఆ చిక్కు వీడెను. మంచు మన యెండలోనికి రాలేదు. మన నేలయే ధ్రువప్రాంతమునుండి ఇచటికి వచ్చెను.

కాలక్రమమున శీతోష్ణస్థితి మారెను. మంచు తొలగిన పల్లములలో అడవులు పెరిగెను. ఆ వృక్షములే నేటి సింగరేణి బొగ్గు.

హిమానీనదముల మార్పు నేడును సాగుచున్నది. 1935లో గంగోత్రి హిమానీనదపు కొనను పటమున గుర్తించిరి. నాటినుండి ఆ కొన కిలోమీటరునకు పైగా వెనుకకు తగ్గెను. మంచు ఇప్పటికిని దిగువకే నడచుచున్నది. కాని చేరు మంచుకంటె కరగునది ఎక్కువగుటచే కొన వెనుకకు పోవుచున్నది. నాటి మంచు తొలగిన కథను బండలలో వెదకి చదువవలసి వచ్చెను. గంగోత్రి కథను మనుష్యులు తమ జీవితకాలముననే కొలుచుచున్నారు.